ఓటు చేరని చోట కూలి రేటు: యూరోపియన్ యూనియన్‌లో ప్రజాసమ్మతి, సామాజిక న్యాయం

(రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని రాసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. బోర్డు మీద విషయం చాలా పెద్దగా రాశారు. దేశాలకు పైన ఉండే పాలన, అందులో ప్రజాసమ్మతి, సామాజిక న్యాయం. ఇంత పెద్ద మాటలు గాలిలో మాట్లాడితే గాలిలోనే పోతాయి. అందుకని ఒక బడి దగ్గర మొదలుపెడతాను. స్వీడన్‌లో, స్టాక్‌హోమ్‌కి దగ్గర్లో, వాక్స్‌హోల్మ్ అని చిన్న పట్టణం. 2004లో అక్కడ ఒక బడికి మరమ్మతులు, విస్తరణ పని జరుగుతోంది. ఇవాళ మనం ఆ బడి చుట్టూనే తిరుగుదాం.

అంతకంటే ముందు ఒక మాట తేల్చుకోవాలి. లెజిటిమసీ అనే మాటని తెలుగులో చట్టబద్ధత అని రాసేస్తుంటాం. అది సరిపోదండీ. చట్టప్రకారం వచ్చిన ఉత్తర్వు ఒకటి. నాకు నష్టం చేసినా సరే, ‘ఇది చేసే హక్కు వాళ్లకుంది, రేపు నేను దీన్ని మార్పించుకోగలను’ అని నేను ఒప్పుకునే ఉత్తర్వు ఇంకొకటి. ఆ రెండోదాన్ని ప్రజాసమ్మతి అంటున్నాను. అందులో ప్రాణం ఎక్కడుంది? ‘రేపు మార్పించుకోగలను’ అన్న మాటలో ఉంది. ఎన్నికల్లో ఓడినవాడు ఇంటికెళ్లి ఎందుకు ఊరుకుంటాడు? ఐదేళ్లకి మళ్లీ వస్తాయి కాబట్టి. మళ్లీ రాని చోట ఓడిపోతే ఏం చేయాలి? ఏ తలుపు కొట్టాలి?

సరే, బడి దగ్గరికి పోదాం. 2004 మే 1న పది దేశాలు యూరోపియన్ యూనియన్‌లో కొత్తగా చేరాయి. అందులో లాట్వియా ఒకటి. అదే నెల నుంచి రీగా నగరానికి చెందిన లావల్ అనే కంపెనీ సుమారు 35 మంది పనివాళ్లని స్వీడన్‌కి పంపింది. అక్కడ దీని అనుబంధ కంపెనీ ఒకటి ఈ బడి కాంట్రాక్టు దక్కించుకుంది. ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఆ పనివాళ్లు స్వీడన్‌కి వలస వెళ్లి ఉద్యోగం వెతుక్కున్నవాళ్లు కారు. లాట్వియా కంపెనీ ఉద్యోగులుగానే ఉంటూ, పని ఉన్నన్నాళ్లు స్వీడన్‌లో ఉంటారు. వీళ్లని పోస్టెడ్ వర్కర్లు అంటారు. వలస వచ్చినవాడికి స్థానికుడితో సమానంగా అన్నీ ఇవ్వాలి. పోస్టెడ్ వర్కర్‌కి అలా కాదు. 1996 నాటి డైరెక్టివ్ (దేశాలన్నీ తమ చట్టాల్లో పెట్టుకోవాల్సిన యూనియన్ ఆదేశం) ప్రకారం పని జరిగే దేశంలోని ‘కనీస వేతన రేట్లు’, పని గంటలు, సెలవులు, భద్రత లాంటి కొన్నిటికి మాత్రమే హామీ ఉంది.

మరి స్వీడన్‌లో కనీస వేతనం ఎంత? చెప్పండి చూద్దాం. లేదు. స్వీడన్‌లో చట్టం పెట్టిన కనీస వేతనం అనేదే లేదు. కార్మిక సంఘం, యజమాని కూర్చుని ఉమ్మడి ఒప్పందం రాసుకుంటారు. ఒప్పందం మీద సంతకం చేయని యజమాని దగ్గర సంఘం పని ఆపిస్తుంది. అదే అక్కడి కనీస వేతన చట్టం అనుకోండి. ఇన్‌స్పెక్టర్ లేడు, సమ్మె భయమే ఇన్‌స్పెక్టర్.

స్వీడన్ భవన నిర్మాణ కార్మికుల సంఘం, దాని పేరు బిగ్నాడ్స్, లావల్‌ని పిలిచి ఒప్పందం మీద సంతకం పెట్టమంది. గంటకి 145 క్రోనార్ (స్వీడన్ డబ్బు) అడిగింది. అది స్టాక్‌హోమ్ ప్రాంతంలో ఆ పనికి ఉన్న సగటు. ఒప్పందం మీద సంతకం చేసి, వేతనం మీద మాత్రం బేరం కుదరకపోతే కింది రేటు 109 క్రోనార్. కంపెనీ ఏమంది? ‘మా వాళ్లకి నెలకి 13,600 ఇస్తున్నాం, భోజనం, బస, ప్రయాణం విడిగా’ అంది. లెక్క వేయండి. నెలకి 170 గంటలు అనుకుంటే 145 చొప్పున 24,650. కింది రేటు 109 చొప్పున చూసినా 18,530. ఈలోపు కంపెనీ లాట్వియాలోని సంఘంతో సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో రెండు ఒప్పందాలు చేసుకుని వచ్చి, ‘మాకు ఒప్పందం ఉంది కదా’ అంది.

2004 నవంబరు 2న బడి దగ్గర దిగ్బంధం మొదలైంది. సరుకు లోపలికి పోదు, మనుషులు లోపలికి పోరు. డిసెంబరు 3 నుంచి ఎలక్ట్రీషియన్ల సంఘం కూడా తోడైంది, కరెంటు పని ఆగింది. క్రిస్మస్‌కి లాట్వియా పనివాళ్లు ఇళ్లకి వెళ్లారు, మళ్లీ రాలేదు. 2005 మార్చిలో ఆ అనుబంధ కంపెనీ దివాలా తీసింది. స్వీడన్ చట్టం ప్రకారం సంఘం చేసింది పూర్తిగా సక్రమం. కానీ కేసు లక్సెంబర్గ్‌లోని యూరోపియన్ కోర్టుకి వెళ్లింది.

2007 డిసెంబరు 18న తీర్పు. దీన్ని జాగ్రత్తగా వినండి, ఎందుకంటే మొదటి వాక్యం వింటే సంతోషం వేస్తుంది. సమ్మె హక్కు ప్రాథమిక హక్కే అంది కోర్టు. ఆ తర్వాత, కానీ ఇంకో దేశం వెళ్లి సేవలు అందించే స్వేచ్ఛ కంపెనీకి యూనియన్ ఒప్పందంలోనే, అంటే దేశాలన్నీ కలిసి రాసుకున్న మూల పత్రంలోనే, రాసి ఉంది, సమ్మె ఆ స్వేచ్ఛకి అడ్డు, కాబట్టి ఆ అడ్డు అవసరమా, తగిన మోతాదులోనే ఉందా అని సంఘం రుజువు చేసుకోవాలి అంది. డైరెక్టివ్‌లో ‘కనీస రేట్లు’ అని ఉంటే మీరు కనీసానికి మించి అడిగారు, అదీ ముందుగా రేటు తెలియకుండా బేరానికి కూర్చోబెట్టారు, కుదరదు అంది. 2009లో స్వీడన్ లేబర్ కోర్టు ఆ సంఘాలని 5,50,000 క్రోనార్ పరిహారం కట్టమంది, కోర్టు ఖర్చులు దానిపైన. తమ దేశపు చట్టం ప్రకారం నడుచుకున్నందుకు సంఘాలు పరిహారం కట్టాయి. లక్సెంబర్గ్ తీర్పుకి వారం ముందు, 2007 డిసెంబరు 11న, వైకింగ్ అనే ఫిన్‌లాండ్ ఓడల కంపెనీ కేసులో కూడా ఇదే దారి. హెల్సింకీ, తాల్లిన్ మధ్య తిరిగే ఓడకి ఎస్టోనియా జెండా కట్టి, అక్కడి జీతాలిస్తాం అన్నారు. సమ్మె చేస్తాం అన్నారు నావికులు. మళ్లీ అదే తూకం.

ఈ తూకం ఒక్కసారి ఊహించుకోండి. ఒక పళ్లెంలో సమ్మె, ఇంకో పళ్లెంలో కంపెనీ స్వేచ్ఛ. ఎవరు ఎవరికి సంజాయిషీ చెప్పుకోవాలి? సమ్మె చేసేవాళ్లు చెప్పుకోవాలి. ‘నీ వ్యాపారం సమ్మె హక్కుకి ఎంత అడ్డు?’ అని కంపెనీని అడగరు. అన్యాయం తీర్పులోని ఏ ఒక్క వాక్యంలోనో లేదు, ప్రశ్న అడిగిన దిక్కులోనే ఉంది.

2008 ఏప్రిల్‌లో ఇంకోటి. జర్మనీలో లోయర్ సాక్సనీ రాష్ట్రం, ప్రభుత్వ పని చేసేవాళ్లు ఉమ్మడి ఒప్పందంలో ఉన్న కూలి ఇవ్వాలని చట్టం చేసుకుంది. ఆ చట్టం కిందే ఒక జైలు కట్టించింది. అక్కడ పోలండ్ సబ్‌కాంట్రాక్టరు 53 మందికి ఆ కూలిలో 46.57 శాతమే ఇచ్చాడు. సగం కూడా కాదు. కోర్టు ఏమంది? రాష్ట్రం అలాంటి షరతు పెట్టకూడదు అంది.

ఒక కోర్టుకి ఇంత బలం ఎక్కడిది అని అడుగుతారు. అది 1960లలో వచ్చింది. ఇటలీలో ఫ్లామినియో కోస్టా అనే ఆయన విద్యుత్ కంపెనీల జాతీయీకరణని వ్యతిరేకిస్తూ 1,925 లీరాల కరెంటు బిల్లు కట్టను అన్నాడు. 1964లో ఆ కేసులోనే, దేశ చట్టానికీ యూనియన్ చట్టానికీ పొత్తు కుదరకపోతే యూనియన్ చట్టానిదే పైచేయి అని కోర్టు చెప్పింది. అంతకు ముందు ఏడాది, 1963లో, యూనియన్ ఒప్పందంలోని వ్యాపార స్వేచ్ఛల్ని ఎవరైనా నేరుగా తన ఊరి కోర్టులోనే అడగొచ్చు అంది. ఈ రెండూ కలిస్తే ఏమవుతుంది? వ్యాపార స్వేచ్ఛలు రాజ్యాంగ హోదాకి ఎక్కి కూర్చున్నాయి. ఆరు దేశాలు 1957లో రోమ్‌లో సంతకం పెట్టినప్పుడు అది ఒక వాణిజ్య ఒప్పందం. దాన్ని రాజ్యాంగం చేస్తున్నాం అని ఆ దేశాల జనాన్ని ఎవరూ అడగలేదు.

ఇక ఇప్పుడు అసలు ముడి. యూనియన్ పనితీరు ఒప్పందంలో 153వ అధికరణం ఉంది. దాని 5వ పేరా చెబుతుంది: వేతనాలు, సంఘం పెట్టుకునే హక్కు, సమ్మె హక్కు, లాకౌట్, వీటి మీద యూనియన్‌కి ఆ అధికరణం కింద చట్టం చేసే అధికారం లేదు. మళ్లీ చెబుతాను. సమ్మె గురించి చట్టం చేసే అధికారం యూనియన్ పార్లమెంటుకి లేదు. కానీ సమ్మెని పరిమితం చేసే అధికారం యూనియన్ కోర్టుకి ఉంది. మరి ఓటరు ఎక్కడికి పోవాలి? స్వీడన్ ఓటరు స్వీడన్ పార్లమెంటుని మారిస్తే, పైచేయి లక్సెంబర్గ్‌ది. యూనియన్ పార్లమెంటుకి వేరే సభ్యుల్ని పంపితే, వాళ్లకి అధికారం లేదు. ఒప్పందం మార్చాలంటే 27 దేశాలూ ఒప్పుకుని, 27 దేశాలూ తమ తమ పద్ధతిలో ఆమోదించాలి. అందులో లాట్వియా, ఎస్టోనియా, పోలండ్ కూడా ఉన్నాయి. తక్కువ కూలితో పోటీ పడటమే వాళ్లకున్న బలం అని అక్కడి ప్రభుత్వాలు నమ్మినప్పుడు, ఎందుకు సంతకం పెడతాయి?

మనకి తెలిసిన వ్యవస్థతో పోల్చుకుంటే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. మన రాజ్యాంగంలో 301వ అధికరణం ఉంది, దేశమంతటా వాణిజ్యం స్వేచ్ఛగా సాగాలి అని. ఆ వెంటనే 302లో, ప్రజాప్రయోజనం కోసం పార్లమెంటు ఆంక్షలు పెట్టవచ్చు అని ఉంది. కార్మిక విషయాలు ఉమ్మడి జాబితాలో ఉన్నాయి. అంటే మార్కెట్‌ని తెరిచే సభ, కూలి రేటు చూసే సభ ఒకటే. ఒడిశా నుంచి తెలంగాణ ఇటుక బట్టీలకి వచ్చేవాళ్లని తీసుకోండి. 1979లో చేసి, 2025 నవంబరులో కొత్త కార్మిక కోడ్‌లు వచ్చేదాకా అమల్లో ఉన్న అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం, అదే పని చేసే స్థానికుడికి ఎంతో వలస వచ్చినవాడికీ అంతే ఇవ్వాలంది. దాని అమలు ఎంత ఘోరంగా ఉండేదో ఈ హాల్లో ఉన్నవాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కానీ అమలు కాకపోతే ఫలానా ప్రభుత్వాన్ని నిలదీయాలి అని మనకి తెలుసు. యూరప్‌లో అదే మాట, సమాన పనికి సమాన వేతనం అనేది, పోస్టెడ్ వర్కర్ విషయంలో 2018 దాకా చట్టంలోకే రాలేదు.

2018 దాకా ఎందుకు పట్టింది? అది చూద్దాం, ఇది కాస్త వివరంగా చెప్పాలి.

చట్టం ముసాయిదా పెట్టే అధికారం దాదాపుగా కమిషన్ ఒక్కదానిదే, అంటే యూనియన్ కార్యనిర్వాహక సంస్థది. ఇప్పుడు పార్లమెంటులో 720 మంది సభ్యులున్నారు, 1979 నుంచి జనం నేరుగా ఎన్నుకుంటున్నారు, కానీ ఎవరూ సొంతంగా బిల్లు పెట్టలేరు. మన ఎంపీ ప్రైవేటు బిల్లు పెడతాడు, పాస్ కాకపోవచ్చు, కానీ పెడతాడు. అక్కడ అదీ లేదు. ‘పెట్టండి’ అని కమిషన్‌ని అడగగలరు. ఇక కౌన్సిల్ అంటే దేశాల మంత్రులు కూర్చునే చోటు. మామూలు చట్టానికి 27లో 15 దేశాలు, జనాభాలో 65 శాతం కావాలి. పన్నులకీ, సామాజిక భద్రతలో చాలా వాటికీ అందరూ ఒప్పుకోవాలి.

సీట్ల లెక్క గురించి చాలామంది అడుగుతారు. జర్మనీకి 96, మాల్టాకి 6, ఒక్కో సభ్యుడి వెనక ఉన్న జనంలో తొమ్మిది పదింతల తేడా ఉంది కదా అని. ఉంది. నా దృష్టిలో అది పెద్ద రోగం కాదు. చిన్న దేశానికి కాస్త బరువెక్కువ ఇవ్వడం సమాఖ్యల్లో ఉండేదే. ఎవరికెన్ని సీట్లు అనేదాని కంటే, ఆ సీట్లలో కూర్చున్నవాళ్లకి దేని మీద చెయ్యి వేసే అధికారం ఉంది అన్నది చూడండి.

సరే, 2012 మార్చిలో కమిషన్ సమ్మె హక్కు మీద ఒక ముసాయిదా తెచ్చింది. 153లో దారి లేదు కాబట్టి 352 అనే అధికరణం కింద తెచ్చింది, దానికి అన్ని దేశాలూ ఒప్పుకోవాలి. అందులో సమ్మె హక్కు, ఆర్థిక స్వేచ్ఛ రెండూ సమానం అని రాశారు. కార్మిక సంఘాలకి అది నచ్చలేదు. సమానం అంటే మళ్లీ ఆ తక్కెడే కదా! మరోపక్క దేశాల పార్లమెంట్లకి ఎల్లో కార్డు అని ఒక పద్ధతి ఉంది. ఒక్కో దేశానికి రెండు ఓట్లు, అప్పటికి 27 దేశాలకి 54. ఎనిమిది వారాల్లో మూడో వంతు, అంటే 18 ఓట్లు, ‘ఇది మా దేశాల పని, మీది కాదు’ అంటే కమిషన్ పునరాలోచించాలి. 19 వచ్చాయి. ఆ పద్ధతి వచ్చాక పడిన మొదటి ఎల్లో కార్డు అదే. సెప్టెంబరుకల్లా ముసాయిదా వెనక్కి పోయింది. చూశారా, సమ్మె మా దేశాల పని అని పార్లమెంట్లు అన్నాయి, నిజమే. కానీ ముసాయిదా పోతే తీర్పు పోదు కదా. తీర్పు అలాగే ఉంది.

2016లో పోస్టెడ్ వర్కర్ల డైరెక్టివ్‌ని సవరిస్తామన్నారు. మళ్లీ ఎల్లో కార్డు, 11 దేశాల నుంచి, డెన్మార్క్ మినహా అన్నీ తూర్పు, మధ్య యూరప్ దేశాలే. ఈసారి కమిషన్ వెనక్కి తగ్గలేదు. 2018 జూన్‌లో పాసయింది, 2020 జులై 30 నుంచి అమలు. ‘కనీస వేతన రేట్లు’ అన్న మాట తీసేసి ‘ప్రతిఫలం’ అని పెట్టారు. అంటే స్థానికుడికి తప్పనిసరిగా ఇవ్వాల్సిన భత్యాలు, బోనసులు అన్నీ వస్తాయి. 12 నెలలు, కారణం చెబితే 18 నెలలు దాటితే, ఉద్యోగం ఇవ్వడం తీసేయడం లాంటి కొన్ని విషయాలు తప్ప మిగతా కార్మిక చట్టమంతా వర్తిస్తుంది. హంగరీ, పోలండ్ దావా వేస్తే 2020 డిసెంబరులో కోర్టు కొట్టేసింది. బడి దగ్గర పని ఆగింది 2004లో. సవరణ అమల్లోకి వచ్చింది 2020లో. పదహారేళ్లు.

అయినా రెండు చిల్లులు మిగిలాయి. మొదటిది, సమ్మె తగిన మోతాదులో ఉందా అనే పరీక్ష పోలేదు, అది డైరెక్టివ్‌లో లేదు కాబట్టి డైరెక్టివ్‌తో పోదు. రెండోది, సామాజిక భద్రత చందాలు. పంపిన దేశంలోనే 24 నెలల దాకా కట్టుకోవచ్చు, ఏ1 అనే ఒక ఫారం చూపిస్తే చాలు. కూలి సమానం చేసినా, పింఛనుకీ ఆరోగ్య బీమాకీ యజమాని కట్టే వాటా స్వదేశం రేటే. కాంట్రాక్టరుకి మిగులు అక్కడుంటుంది. ఆ ఫారం దొంగదని అనుమానం వచ్చినా, ఇచ్చిన దేశం రద్దు చేసేదాకా పని జరిగే దేశం మామూలుగా దాన్ని ఒప్పుకోవాల్సిందే.

గ్రీసు గురించి చెప్పకుండా ముగిస్తే మీరు ఊరుకోరు. క్లుప్తంగా చెబుతాను. 2010 మేలో గ్రీసుకి 11,000 కోట్ల యూరోల అప్పు, దానితోపాటు షరతులు. చూసుకునేవాళ్లు ముగ్గురు: కమిషన్, యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు, ఐఎంఎఫ్. 2012 ఫిబ్రవరిలో కనీస వేతనం 751 యూరోల నుంచి 586కి, 22 శాతం కోత. 25 ఏళ్లలోపు వాళ్లకి 32 శాతం కోత. 751 ఎవరు పెట్టారు? యజమానులు, కార్మికులు కలిసి జాతీయ ఒప్పందంలో రాసుకున్నారు. ఇందాక చెప్పిన 153వ అధికరణం ప్రకారం వేతనాలు యూనియన్ పని కాదు. మరి ఇదెలా జరిగింది? అప్పు పత్రం రూపంలో జరిగింది. గ్రీసు ప్రభుత్వోద్యోగుల సమాఖ్య అప్పటికే తమ కోతల మీద లక్సెంబర్గ్‌కి వెళ్లింది. 2012 నవంబరులో, ఈ నిర్ణయం మిమ్మల్ని నేరుగా తాకదు, మీ దావా చెల్లదు అని పంపేశారు.

2015 జులై 5న గ్రీసులో, అప్పిచ్చినవాళ్ల షరతుల మీద రెఫరెండం. 61 శాతం మంది వద్దన్నారు. జులై 13 తెల్లవారాక, రాత్రంతా కూర్చున్న సమావేశం నుంచి మూడో అప్పు ఒప్పందం వచ్చింది. ఇక్కడ నేను ఒకవైపే చెప్పి తప్పుకోను. గ్రీసు ఓటరు ఓటు ఎంత ఓటో, అప్పిచ్చిన స్లోవేకియాలో పన్ను కట్టేవాడి ఓటూ అంతే. అక్కడా పార్లమెంట్లు ఉన్నాయి, జర్మనీ పార్లమెంటు ఓటేసింది. ఈ ఓట్లన్నీ ఒకచోట పెట్టి, వాదించుకుని, లెక్కపెట్టే సభ ఏది? యూరోగ్రూప్. యూరో దేశాల ఆర్థిక మంత్రుల గుంపు. ఒప్పందానికి జతచేసిన 14వ ప్రోటోకాల్‌లో దాని గురించి ఉన్నది, మంత్రులు ‘అనధికారికంగా’ కలుస్తారు అని. 2020లో కోర్టు కూడా, యూరోగ్రూప్ యూనియన్ సంస్థే కాదు, దాని మీద నష్టపరిహారం దావా వేయలేరు అంది. కోట్లమంది పింఛన్ల మీద ప్రభావం ఉన్న సభకి జవాబుదారీ ఎవరు అంటే, చట్టం ముందు ఎవరూ లేరు.

సంఘాలు 2008 నుంచి అడుగుతున్నది ఒక సామాజిక ప్రోటోకాల్: ఆర్థిక స్వేచ్ఛలు, సామాజిక హక్కులు తలపడితే సామాజిక హక్కులకి మొగ్గు ఇవ్వాలని ఒప్పందంలోనే రాయమని. నేను దాన్ని సమర్థిస్తాను, 27 సంతకాలు కష్టమని తెలిసీ సమర్థిస్తాను. అది వచ్చేదాకా మామూలు చట్టాలతోనే నెట్టుకురావాలి. 2022లో కనీస వేతన డైరెక్టివ్ తెచ్చారు, ఉమ్మడి ఒప్పందాలు 80 శాతం కార్మికులకి అందని దేశం కార్యాచరణ ప్రణాళిక రాయాలి అంటుంది. డెన్మార్క్ మళ్లీ 153 పట్టుకుని కోర్టుకి వెళ్లింది. 2025 నవంబరులో కోర్టు, వేతనం నిర్ణయించడానికి ఏయే ప్రమాణాలు చూడాలో చెప్పిన భాగాన్ని, ఇంకో చిన్న భాగాన్ని కొట్టేసి, మిగతాదంతా ఉంచింది.

ప్రశ్న అడిగారు అక్కడ, వెనక నుంచి. అవును, చాలా మంచి ప్రశ్న. లాట్వియా కూలీల సంగతేమిటి, వాళ్లకి పని పోయింది కదా, సామాజిక న్యాయం వాళ్లకి వద్దా అంటున్నారు. కావాలి. ముందు వాళ్లకే కావాలి. ఆ కేసు కాగితాలు చూడండి, ఒకవైపు కంపెనీ, ఒకవైపు సంఘాలు. ఆ 35 మంది ఎక్కడా కక్షిదారులు కారు. వాళ్లని అడిగిన కోర్టు లేదు. 2014లో వచ్చిన అమలు డైరెక్టివ్ దీన్ని కొంత సరిదిద్దింది. 11వ అధికరణం కింద పోస్టెడ్ వర్కర్ పని జరిగిన దేశంలోనే ఫిర్యాదు చేయొచ్చు, సంఘం అతని తరఫున నిలబడొచ్చు, స్వదేశానికి వెళ్లిపోయాక కూడా చేయొచ్చు. 12వ అధికరణం కింద నిర్మాణ రంగంలో సబ్‌కాంట్రాక్టరు కూలి ఎగ్గొడితే, అతనికి పని ఇచ్చిన పై కాంట్రాక్టరు నుంచి వసూలు చేసే ఏర్పాటు దేశాలు చేయాలి.

అయితే అడగాలంటే తనకి రావాల్సింది ఎంతో ముందు తెలియాలి కదండీ. దానికి అదే డైరెక్టివ్‌లో 5వ అధికరణం ఉంది. ప్రతి దేశమూ ఒకే అధికారిక వెబ్‌సైటులో, ఉచితంగా, అక్కడికి ఎక్కువగా వచ్చే పనివాళ్ల భాషల్లో ఈ వివరాలు పెట్టాలి. 2018 సవరణలో ఒక మెలిక ఉంది, పేరాల మధ్య పడి ఎవరికీ కనబడదు. ఆ వెబ్‌సైటులో వివరాలు సరిగ్గా లేకపోతే, తక్కువ ఇచ్చిన యజమానికి జరిమానా వేసేటప్పుడు ఆ సంగతి లెక్కలోకి తీసుకోవాలి. అంటే ప్రభుత్వం సైటు సరిగ్గా పెట్టకపోతే, జరిమానా యజమానికి తగ్గుతుంది.